పిల్లల ఇళ్ళకు వెళ్ళిన టీచర్లు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం)



నాకు అరగంట ఇచ్చారు. మన సంఘం కార్యదర్శి ఒకప్పుడు నా బెంచీలో నా పక్కన కూర్చున్నవాడే కాబట్టి ముందే హెచ్చరించాడు. "పాత జ్ఞాపకాలు అందరూ చెబుతారు, నువ్వు మాస్టరువి, చదువు గురించి ఏదైనా చెప్పు" అన్నాడు. సరే. రేకుల షెడ్డు గురించీ, వానాకాలం సెలవుల గురించీ చెప్పను. ఒక్క జ్ఞాపకం మాత్రం చెబుతాను, అది కూడా నా మాటకు అవసరం గనక.

నేను ఈ రోజు చెప్పబోయేది ఒక విద్యా పరిశోధకుడి పని గురించి. ఆయన పేరు లూయిస్ మోల్. ప్యూర్టో రికో ద్వీపంలో పుట్టాడు. మాతృభాష స్పానిష్. కాలిఫోర్నియాలో డాక్టరేట్ చేసి, శాన్ డియెగోలో మైకేల్ కోల్ అనే మనస్తత్వవేత్త నడిపిన పరిశోధనశాలలో కొన్నేళ్ళు పనిచేశాడు. 1986లో అరిజోనా రాష్ట్రం టూసాన్ ఊళ్ళో ఉన్న విశ్వవిద్యాలయానికి వచ్చాడు. టూసాన్ మెక్సికో సరిహద్దుకు దగ్గరి ఎడారి ఊరు. అక్కడి బడుల్లో చాలామంది పిల్లల ఇంటి మాట స్పానిష్, బడి మాట ఇంగ్లీషు.

ఇది మనకెందుకు అని మీరు అడగవచ్చు. మన పక్క తాండా పిల్లకు ఇంటి మాట లంబాడీ, వీధి మాట మన మెట్ట తెలుగు, పుస్తకంలో ఉన్నది ఇంకో తెలుగు, ఇప్పుడు వాటి మీద ఇంగ్లీషు. టూసాన్ పిల్లలకు రెండే భాషలు. మన పిల్లల లెక్క అంతకంటే పెద్దది.

ముందు శాన్ డియెగో సంగతి. మోల్, ఆయన సహచరుడు ఎస్టెబాన్ డియాజ్ కలిసి కొన్ని తరగతి గదుల్లో కూర్చుని చూశారు. అవే పిల్లలు పొద్దున స్పానిష్ టీచరు దగ్గర చదివేవాళ్ళు, తర్వాత ఇంగ్లీషు టీచరు దగ్గర చదివేవాళ్ళు. స్పానిష్ గదిలో బాగా చదివే పిల్లలు కథ మీద మాట్లాడేవాళ్ళు, కారణాలు చెప్పేవాళ్ళు. ఇంగ్లీషు గదికి వచ్చేసరికి అదే పిల్లలు అక్షరాలు కూడబలుక్కునే పిల్లలైపోయేవాళ్ళు. పిల్లవాడు చదవగానే ఆ టీచరు ఉచ్చారణ దిద్దేది, మళ్ళీ చదివించేది, మళ్ళీ దిద్దేది. కథలో ఏం జరిగిందన్న ప్రశ్న దాకా పాఠం వెళ్ళేదే కాదు. ఆవిడది తప్పనడానికి లేదు. ఆవిడకు స్పానిష్ రాదు. పిల్లవాడు మాట సరిగ్గా పలకకపోతే, అర్థం కాలేదనే ఆవిడ అనుకుంది.

అప్పుడు వీళ్ళు చేసిన పని చాలా చిన్నది. పిల్లల్ని ఇంగ్లీషు పాఠం ఇంగ్లీషులోనే చదవమన్నారు. దాని గురించి మాట్లాడేటప్పుడు మాత్రం స్పానిష్ వాడుకోనిచ్చారు. చూస్తే, పిల్లలు ఇంగ్లీషులో చెప్పగలిగిన దానికంటే ఎంతో ఎక్కువ ఇంగ్లీషు కథలోంచి అర్థం చేసుకుంటున్నారు. చదవడం వచ్చు, అర్థమూ తెలుసు. తెలిసింది చెప్పడానికి నోటికి దారి లేదు, అంతే. ఆ దారి తెరిస్తే, మూడు నాలుగు మెట్లు కింద కూర్చోబెట్టిన పిల్లలు తమ తరగతికి తగిన పాఠం చదవగలుగుతున్నారని తేలింది.

ఇక్కడున్న టీచర్లకు ఒక మాట. మన రాష్ట్రంలో ఇప్పుడు పిల్లలకు ఇస్తున్న పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటోంది. పుస్తకానికి రెండు భాషలున్నాయి. తరగతి గదికి ఎన్ని ఉన్నాయో మీరే చెప్పాలి.

టూసాన్ వచ్చాక మోల్ ప్రశ్న ఇంకొంచెం లోతుకు వెళ్ళింది. పిల్లవాడి భాషను బయట పెట్టి తలుపు వేస్తే, ఆ భాషలో ఉన్నదంతా బయటే ఉండిపోతుంది గదా, అది ఏమిటి? ఆయనకు ఇద్దరు మానవశాస్త్రవేత్తలు తోడయ్యారు. కార్లోస్ వేలెజ్-ఇబాన్యెజ్, జేమ్స్ గ్రీన్‌బర్గ్. వాళ్ళు సరిహద్దుకు రెండువైపులా ఉన్న మెక్సికన్ కుటుంబాలు ఒకరికొకరు ఎలా సాయపడుతూ బతుకుతున్నారో అప్పటికే చదువుతున్నారు. తర్వాత నోర్మా గొన్జాలెజ్ చేరింది. ఈవిడ కూడా మానవశాస్త్రజ్ఞురాలు, టూసాన్ మనిషే.

వాళ్ళు పెట్టిన పేరును తెలుగులో జ్ఞాన నిధులు అనవచ్చు. నిధి అనగానే మనకు లంకెబిందెలు గుర్తొస్తాయి. అది కాదు. ఎరిక్ వుల్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1966లో రైతుల మీద రాసిన పుస్తకంలో రైతు ఇంట్లో తిండికి పోగా దేనికేది పక్కన పెడతాడో చెప్పాడు. వచ్చే ఏటి విత్తనానికి, పెళ్ళిళ్ళూ పండగలకు, కౌలుకో శిస్తుకో. ఒక్కోదాన్నీ ఒక నిధి అన్నాడు. మన ఇళ్ళల్లో గాదెలో గింజలూ, ఉట్టి మీద మూటా ఇలాగే ఉండేవి. వేలెజ్-ఇబాన్యెజ్, గ్రీన్‌బర్గ్ దానికి ఇంకొకటి కలిపారు. బతకడానికి ఆ ఇంటికి తెలిసిన పనులూ, కిటుకులూ, లెక్కలూ కూడా ఒక నిధే, అవసరానికి తీస్తారు, చుట్టాలకు అరువిస్తారు అన్నారు.

ఇక్కడి దాకా ఇది పండితుల మాట. నాకు నచ్చింది దీని తర్వాత జరిగింది. ఆ ఇళ్ళల్లో ఏముందో పరిశోధకులు రాసుకొచ్చి టీచర్లకు చెబితే పెద్దగా ఏమీ మారలేదు. అప్పుడు టీచర్లనే పంపారు. మొదటి విడతలో పదిమంది టీచర్లు. ఒక్కొక్కరు తమ తరగతి పిల్లల ఇళ్ళు రెండు మూడు ఎంచుకున్నారు. ఇంటికి ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. మార్కుల కార్డు పట్టుకుని కాదు. పిల్లవాడి మీద ఫిర్యాదుకు కాదు. "మీ వాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారు, ఏమేం పనులు చేశారు, ఇంట్లో ఎవరికి ఏం వచ్చు" అని అడగడానికి. నేర్చుకోవడానికి వెళ్ళారు. బడి అయ్యాక వారం వారం కూర్చుని, చూసింది రాసుకుని, చర్చించుకునేవారు.

వాళ్ళు రాసుకొచ్చిన జాబితా చదివితే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. నేలల రకాలు, నీటిపారుదల, గుర్రాల పెంపకం, పశువుల వైద్యం, మూలికలు, మంత్రసానితనం. గనుల్లో కర్రలతో దన్ను పెట్టడం, పేలుడు పదార్థాలు. తాపీ, వడ్రంగం, పైకప్పు వేయడం, కారు రిపేరు, ట్రాక్టరు రిపేరు. అప్పులు, అద్దెలు, కూలి చట్టాలు, ఇల్లు కట్టే నిబంధనలు. వీటిలో దేనికీ ఆ ఇంట్లో ఎవరి దగ్గరా సర్టిఫికెట్ లేదు. బడిలో వీళ్ళ పిల్లల గురించి అంతకుముందు అందరూ అనుకున్నది ఒకటే, "పాపం, ఇంట్లో చదువు వాతావరణం లేదు."

ఆ మాట మన స్టాఫ్ రూముల్లో నేను ఎన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఆ పదిమందిలో క్యాథీ అమాంటి అనే టీచరు ఉంది. ఆవిడ ఒక పిల్లవాడి ఇంటికి వెళ్ళింది. ఆ కుటుంబం సెలవులకు సరిహద్దు దాటి ఉత్తర మెక్సికో వెళ్ళి వస్తుంటుంది. పిల్లవాడు అక్కడి మిఠాయిలు తెచ్చి తన వీధిలో అమ్ముతున్నాడు. మామూలుగా అయితే "బడి పిల్లవాడివి, వ్యాపారమేమిటి" అంటాం. ఆవిడ దాన్నే పాఠం చేసింది. తరగతిలో పిల్లలు మిఠాయి గురించి తమకు తెలిసింది రాశారు, తెలుసుకోవాలనుకున్నది రాశారు. రెండు దేశాల మిఠాయి కాగితాల మీద ఉన్న సరుకుల పేర్లు పక్కపక్కన పెట్టి చూశారు. మెక్సికో మిఠాయిలో సరుకులు తక్కువ, రంగులూ కృత్రిమ రుచులూ తక్కువ అని కనిపెట్టారు. ఒక పిల్లవాడి తల్లి తరగతికి వచ్చి పిపితోరియా అనే మిఠాయి చేసి చూపించింది. గుమ్మడి గింజలతో చేసే పాకం మిఠాయి అది, మన పల్లీపట్టీకి చుట్టం. చేస్తూ చేస్తూ ఆవిడ రెండు దేశాల్లో తిండి ఎలా తేడాగా ఉంటుందో, మిఠాయి ఎలా తయారై ఎలా అమ్ముడవుతుందో చెప్పింది. ఆ రోజు అమాంటి కూడా పిల్లలతో పాటు కూర్చుని నేర్చుకుంది.

ఇంకో టీచరు తన తరగతిలో ఇల్లు కట్టడం అనే అంశం ఎత్తుకుంది. పిల్లలు లైబ్రరీలో వెతికారు, రాశారు, నమూనా ఇళ్ళు కట్టారు. తర్వాత ఆవిడ తండ్రుల్ని పిలిచింది. తాపీ పని చేసేవాళ్ళు వచ్చి గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో ఎలా అంచనా వేస్తారో, ఏ పనిముట్టు ఎందుకో చెప్పారు. ఆ ఆరునెలల్లో ఆ తరగతి గదిలోకి సుమారు 20 మంది పెద్దలు వచ్చి ఏదో ఒకటి నేర్పి వెళ్ళారట. మన బడిలోకి తల్లిదండ్రులు ఎప్పుడు వస్తారు? టి.సి. కోసం, లేదా మనం పిలిపిస్తే తల దించుకుని.

మోల్ వాళ్ళు చెప్పిన ఇంకో సంగతి నా మనసులో ఉండిపోయింది. ఇంట్లో పిల్లవాణ్ణి పెద్దవాళ్ళు పదిరకాలుగా ఎరుగుదురు. మేకలు కాసేవాడు, చెల్లెల్ని ఎత్తుకునేవాడు, ఫోన్ బాగుచేసేవాడు, అబద్ధాలాడేవాడు, మేనమామ పోలిక. పేనిన తాడులాగా. బడిలో టీచరుకు మాత్రం వాడు ఒంటి పోగు. పరీక్షలో ఎన్ని వచ్చాయి, అంతే. ఆ ఒక్క పోగు తెగితే ఇక ఏమీ మిగలదు.

నేను చెబుతానన్న జ్ఞాపకం ఇక్కడ చెప్పాలి. మనకు లెక్కలు చెప్పిన మాస్టారు ఈ రోజు మన మధ్య లేరు. ఘాతాంకాలు మొదలుపెట్టే ముందు రోజు ఆయన, "రేపు మీ ఇంట్లో గింజలు కొలిచేవి ఏవుంటే అవి పట్టుకురండి" అన్నారు. మర్నాడు తరగతి కొట్టులా ఉంది. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. జొన్నలు పోసి కొలిపించారు. గిద్ద నుంచి కుంచానికి ఆరు మెట్లు, ప్రతి మెట్టూ రెండింతలు. కుంచానికి 64 గిద్దలు. అప్పుడు బోర్డు మీద రెండు రాసి, దాని నెత్తిన ఆరు రాశారు. నా పక్క బెంచీవాడు ఒకడు, పేరు చెప్పను, ఇక్కడే ఉన్నాడు, లెక్కలంటే పారిపోయేవాడు. వాళ్ళ అమ్మ కల్లంలో గింజలు కొలిచే మనిషి. ఆ రోజు తరగతిలో అందరికంటే ముందు వాడే చెప్పాడు, "తూముకు నాలుగు కుంచాలు సార్, ఇంకో రెండు మెట్లు" అని. మాస్టారికి టూసాన్ ఎక్కడుందో తెలియదు. అప్పటికి మోల్ ఇంకా అక్కడికి వెళ్ళనే లేదు.

అలాంటి మాస్టారి దగ్గర చదువుకుని నేను చేసిన పని కూడా చెప్పాలి. సభలో చెప్పదగినదో కాదో తెలియదు.

1993లో నేను వేరే మండలంలో ఒక హైస్కూల్లో పనిచేస్తున్నాను. ఏడో తరగతిలో తాండా నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. సంవత్సరమంతా నోరు విప్పలేదు. పాఠం చదవమంటే లేచి నిలబడేది, అంతే. నేను నా డైరీలో ఆ పిల్ల పేరు ఎదుట రెండు మాటలు రాసుకున్నాను. "భాష రాదు."

స్కాలర్‌షిప్ కాగితం మీద తండ్రి వేలిముద్ర కావలసి వచ్చి ఒక సాయంత్రం తాండాకు వెళ్ళాను. నేర్చుకోవడానికి కాదు, వేలిముద్రకు. ఆ ఇంటి ముందు ఆరోగ్య కార్యకర్త కూర్చుని ఉంది. ఆ పిల్ల వదిన కడుపుతో ఉంది. రక్తం పట్టే బిళ్ళలు ఇచ్చి ఎలా వేసుకోవాలో తెలుగులో చెబుతోంది. వదినకు తెలుగు అంతంతమాత్రం. మధ్యలో ఈ పిల్ల నిలబడి ఆ మాటలు లంబాడీలో చెబుతోంది. వదిన అడిగింది మళ్ళీ తెలుగులో ఆవిడకు చెబుతోంది. రాత్రి అన్నం తిన్నాక వేసుకోవాలి, విరేచనం నల్లగా అవుతుంది, భయపడకూడదు, పాలతో మింగకూడదు. ఒక్కటీ వదలడం లేదు. వదిన ఏదో గట్టిగా అంటే దాన్ని నెమ్మది చేసి చెబుతోంది. ఒకచోట ఆవిడకు విసుగొచ్చి, "ఎన్నిసార్లు చెప్పాలి మీకు, పోయిన నెల బిళ్ళలు ఏం చేశారు" అని చాలాసేపు కేకలేసింది. ఈ పిల్ల వదిన వైపు తిరిగి నాలుగు మాటలు చెప్పి ఊరుకుంది.

ఆవిడ వెళ్ళాక నేను అడిగాను. "ఆమె అంతసేపు మాట్లాడితే నువ్వు అంతే చెప్పావేం?"

నాతో ఆ పిల్ల మొదటిసారి మాట్లాడింది ఆ రోజే. "తిట్టింది కూడా చెప్తే వదిన బిళ్ళలు పారేస్తుంది సార్."

నేను తర్వాత చాలాకాలం ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చాను. అనువాదం గురించి ఇంతకంటే మంచి పాఠం నేను ఎవరికీ చెప్పలేకపోయాను. ఏ మాట దాటించాలి, ఏ మాట ఇవతలే ఆపాలి, ఎవరికి ఎలా చెబితే పని జరుగుతుంది అన్నది పన్నెండేళ్ళ పిల్లకు తెలుసు. ఆ పిల్ల పేరు ఎదుట నా డైరీలో ఏముందో మీకు చెప్పాను.

అంత చూసి నేను ఏం చేశాను? ఏమీ చేయలేదు. ఆశ్చర్యపడ్డాను, ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. మర్నాడు తరగతిలో మళ్ళీ పాఠం చదవమన్నాను, మళ్ళీ లేచి నిలబడింది. ఆ నిలబడిన పిల్లను "మీ ఇంటి దగ్గర చెప్పినట్టు ఈ కథ మీ భాషలో చెప్పు" అని అడగాలని నాకు తట్టలేదు. తట్టి ఉంటే చాలు, ఖర్చు లేదు, అనుమతి అక్కర్లేదు. మరుసటి ఏడు మిరప కోతలకు ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు వెళ్ళారు. ఎనిమిదో తరగతికి ఆ పిల్ల రాలేదు. కొన్నేళ్ళ తర్వాత ఒక శిక్షణ శిబిరంలో ఎవరో మోల్ వ్యాసం జిరాక్సు చేతికిచ్చారు. 1992లో అచ్చయిన వ్యాసం. నేను ఆ తాండాకు వెళ్ళేనాటికే అది అచ్చయి ఏడాది.

ఇంతవరకూ చెప్పింది విని, మంచిదే గదా, మొదలుపెడదాం అనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఇది మన దేశానికి సంబంధించిన హెచ్చరిక, మోల్ పుస్తకంలో దొరకదు. మన దగ్గర ఇంటి పని అంటే చాలాసార్లు కులం పని. 1953లో, మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, ముఖ్యమంత్రి రాజాజీ పల్లె బడుల్లో ఒక పథకం పెట్టారు. సగం పూట బడి, మిగతా పూట తండ్రి చేసే పని నేర్చుకోవడం. పైకి చూస్తే ఇంటి విద్యకు గౌరవమే. చాకలి కొడుకు చాకలిగా, మాదిగ కొడుకు చెప్పులు కుడుతూ ఉండిపోవడానికి ఇది దారి అని జనం తిరగబడ్డారు. కులవిద్య పథకం అని పేరు పెట్టారు. 1954లో రాజాజీ దిగిపోయాక కామరాజ్ వచ్చి దాన్ని ఎత్తేశారు. ఎత్తేయడమే న్యాయం.

కాబట్టి నేను చెప్పేది పిల్లవాణ్ణి తండ్రి పనికి పంపమని కాదు. తండ్రికి తెలిసినదాన్ని బడిలోకి, అందరు పిల్లల ముందుకు తెమ్మంటున్నాను. ఈ రెంటికీ ఉన్న తేడా చిన్నది కాదు. మన మార్కాపురం పలకలే తీసుకోండి. ఈ హాల్లో ఉన్న అందరం ఆ రాయి మీదే ఓనమాలు దిద్దాం. రూపాంతర శిలలు అని సైన్సులో పాఠం ఉంది. ఆ పాఠంలో ఉన్న బొమ్మ మీద పిల్లలు నిద్రపోతారు. పలకల పని చేసే మనిషిని ఒక్క గంట పిలవండి. రాయిని ఎటు కొడితే పొర చీలుతుందో, ఎటు కొడితే ముక్కలవుతుందో ఆయన చేతికి తెలుసు. ఎందుకు అలా చీలుతుందో టీచరుకు తెలుసు. రెండూ ఒక గదిలో కలిస్తే, డాక్టరు కూతురూ పలకల పనివాడి కొడుకూ ఒకే బెంచీలో కూర్చుని విననివ్వండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో కూడా అదే పాఠంలో ఉండాలి. అప్పుడు ఆ కొడుకు భూగర్భ శాస్త్రమే చదువుతాడో, ఇంకేమైనా అవుతాడో వాడి ఇష్టం.

రెండో ప్రమాదం ఇంకా తేలిక. వార్షికోత్సవం రోజు తాండా పిల్లల చేత అద్దాల లంగాలు కట్టించి ఒక డాన్సు చేయించి, వాళ్ళ సంస్కృతిని గౌరవించామని చేతులు దులుపుకోవడం. నిన్న సాయంత్రం మనమూ చేశాం. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ పిల్లల్లో ఒకరిని కూడా నేను మాట్లాడించలేదు.

భాష సంగతి. ఇంగ్లీషు మీడియం గురించి ఈ సభలో రెండు పక్షాలున్నాయని నాకు తెలుసు. 2019లో జీవో వచ్చినప్పుడూ, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడూ మన వాట్సాప్ గ్రూపులో ఏం జరిగిందో గుర్తుంది. ఇద్దరు మిత్రులు ఇంకా మాట్లాడుకోవడం లేదు. నేను ఇంగ్లీషుకు వ్యతిరేకిని కాను. తన బిడ్డకు ఇంగ్లీషు కావాలని కూలి మనిషి అడిగితే వద్దనే హక్కు, మనవళ్ళను అమెరికాలో చదివిస్తున్న నాకు లేదు. అరిజోనాలోనూ ఈ గొడవ జరిగింది. 2000లో అక్కడ జనం ఓటేసి రెండు భాషల బోధనకు చాలావరకు అడ్డుకట్ట వేశారు. అంతకు రెండేళ్ళ ముందు కాలిఫోర్నియాలో అలాగే జరిగింది. 2016లో మళ్ళీ ఓటేసి కాలిఫోర్నియావాళ్ళు ఆ అడ్డు తీసేశారు. ప్రభుత్వాలు వస్తాయి, తిప్పుతాయి, మళ్ళీ తిప్పుతాయి. మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2004లో లంబాడీతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో పుస్తకాలు వేసి చిన్న తరగతులు మొదలుపెట్టాం. మంచి పని. అది ఎన్ని బడులకు చేరిందో ఇక్కడున్న టీచర్లు నాకంటే బాగా చెప్పగలరు.

ఏ మీడియమైనా, తలుపు మూసుకుని తరగతిలో ఉన్న టీచరు చేతిలో ఒకటి ఉంటుంది. చదివింది ఇంగ్లీషైనా, దాని గురించి పిల్లను తెలుగులో మాట్లాడనివ్వడం, పక్కపిల్లతో లంబాడీలో గుసగుసలాడనివ్వడం. శాన్ డియెగో పిల్లలకు ఇచ్చింది అంతే. వాళ్ళ ఇంగ్లీషు చెడలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను, కార్యదర్శి గడియారం చూస్తున్నాడు. మన సంఘం దగ్గర స్వర్ణోత్సవ నిధి పోగైంది. దాంతో ఇంగ్లీషు ల్యాబ్ పెట్టాలని కార్యవర్గం అనుకుంటోంది. హెడ్‌ఫోన్లు, కంప్యూటర్లు. పెట్టండి. నేనూ చందా ఇచ్చాను, వెనక్కి అడగను. కాని ఆ డబ్బులో కొంత పక్కన పెట్టమని అడుగుతున్నాను. ఈ బడిలో ఇష్టపడ్డ టీచర్లు, బలవంతం లేకుండా, ఒక్కొక్కరు సంవత్సరానికి మూడు ఇళ్ళకు, ఇంటికి మూడుసార్లు వెళ్ళాలి. ఇద్దరిద్దరుగా వెళితే మంచిది. ఆటో చార్జీలు, తాండాలకు వెళ్ళేటప్పుడు భాష తెలిసిన మనిషి కూలి సంఘం ఇవ్వాలి. నెలకోసారి శనివారం సాయంత్రం కూర్చుని మాట్లాడుకోవడానికి టీ ఖర్చు కూడా. టీచర్లకు ఇప్పటికే యాప్‌లలో ఫొటోలు పెట్టే పనే సగం రోజు తింటోంది, ఇది ఇంకో రిపోర్టు కాకూడదు. పై ఆఫీసుకు ఏదీ పంపక్కర్లేదు. ఇంట్లో విన్నదాంట్లో ఏది తరగతికి తేవాలో ఆ ఇంటివాళ్ళను అడిగే తేవాలి. అప్పులు, జబ్బులు, తగువులు వింటాం. అవి అక్కడే ఉండాలి. టూసాన్‌లో దీనికి స్పానిష్‌లో కొన్ఫియాన్సా అనేవారు. నమ్మకం అని అర్థం. ఆ నమ్మకం మీదే వాళ్ళ పనంతా నిలిచింది.

ఈ ఊళ్ళో ఉన్న పూర్వ విద్యార్థులు ఇంకో పని చేయవచ్చు. ఎవరింట్లో ఎవరికి ఏం వచ్చో మీకు తెలుసు. బోరు వేసేవారు, గానుగ ఆడించినవారు, కోళ్ళ ఫారం లెక్కలు రాసేవారు, దుబాయ్‌లో పనిచేసి వచ్చినవారు, చీరలకు ఫాల్స్ కుట్టేవారు. పేర్లు రాసి హెడ్మాస్టరు గారికి ఇవ్వండి. బడిలోకి వచ్చేటప్పుడు వాళ్ళకు కుర్చీ వేయండి.

నేను వచ్చేటప్పుడు డజను నోటుపుస్తకాలు కొని తెచ్చాను. స్టాఫ్ రూమ్ బల్ల మీద పెట్టాను. పదకొండు ఖాళీవి. పన్నెండోదాంట్లో మొదటి పేజీ నేను రాశాను. 1993లో ఆ సాయంత్రం ఆ ఇంటి ముందు విన్నది గుర్తున్నంతవరకు, ఆ పిల్ల పేరు లేకుండా రాశాను. తర్వాతి పేజీ నుంచి మీరు రాయండి. వచ్చే జనవరిలో సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు చదువుతాను.